మిష్కిన్‌కు కొన్ని గంటలు చాలవు: వోల్గా ఒడ్డున చిన్న పట్టణాల్లో మా ప్రయాణం

మాస్కో నుంచి వోల్గా మీదుగా వెళ్ళే క్రూయిజ్ ఓడలు చాలావరకు ఉగ్లిచ్‌లోనూ మిష్కిన్‌లోనూ ఆగుతాయి. ఆగేది మాత్రం కొద్ది గంటలే. జనం దిగుతారు, గైడ్ వెంట నడుస్తారు, మిష్కిన్‌లో అయితే ఎలుకల మ్యూజియం చూస్తారు, ఫ్రిజ్‌కు అంటించే మాగ్నెట్లు కొంటారు, మళ్ళీ ఓడ ఎక్కేస్తారు. అలా చూస్తే మిష్కిన్ గురించి గుర్తుండేది ఎలుక ఒక్కటే. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఓడలో కాకుండా రోడ్డు మీద వెళ్ళండి, ఉగ్లిచ్‌కు ఒక పగలు ఇవ్వండి, రాత్రి బస మాత్రం మిష్కిన్‌లో పెట్టుకోండి.

మా అమ్మాయి త్వేర్‌లో మెడిసిన్ చదువుతోంది. అక్కడి మెడికల్ యూనివర్సిటీలో మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి తల్లిదండ్రులు వచ్చిపోవడం మామూలే. వచ్చినవాళ్ళు మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ చూసి వెళ్ళిపోతారు. నేను మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా ముందు నా కళ్ళు డ్రైనేజీ కాలువల మీదికి, వీధి దీపాల మీదికి, ఆఫీసు నోటీసు బోర్డు మీదికి పోతాయి. పెద్ద నగరాల్లో అవేవీ మన చూపుకు అందవు. అందుకే మా అమ్మాయిని చిన్న ఊళ్ళకు తీసుకెళ్ళమని అడిగాను. "నాన్నా, అక్కడ ఇంగ్లీషు ఎవరికీ రాదు, మాట్లాడేదంతా నేనే" అంది. సరేనన్నాం.

ఈ దారి ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. త్వేర్‌లో వోల్గా ఒడ్డున అఫనాసీ నికీతిన్ విగ్రహం ఉంటుంది. 1460లలో ఈ ఊరి నుంచి సరుకుతో బయల్దేరిన వర్తకుడు ఆయన. వోల్గా దిగి, కాస్పియన్ దాటి, పర్షియా మీదుగా మన దేశం చేరి, బహమనీల బీదర్‌లో చాలాకాలం ఉన్నాడు. అక్కడి జనంతో కలిసి 'పర్వతం' అనే క్షేత్రానికి వెళ్ళినట్టు తన యాత్రా రచనలో రాసుకున్నాడు. అది మన శ్రీశైలమేనని పండితులు గుర్తించారు. త్వేర్ నుంచి బయల్దేరాక మొదట కాల్యాజిన్ మఠంలో ఆగాననీ, తర్వాత ఉగ్లిచ్ వెళితే అక్కడివాళ్ళు ఏ అడ్డూ చెప్పకుండా తనను పోనిచ్చారనీ కూడా రాశాడు. ఆ రోజుల్లో నది మీద ఒక ఊరు దాటాలంటే ఆ ఊరి ఏలికల అనుమతి కావాలి. శ్రీశైలం దాకా వచ్చిన మనిషి నడిచిన దారిలో మొదటి మజిలీలు ఇవి. తెలుగువాళ్ళం చూడకుండా ఎలా ఉంటాం?

కాల్యాజిన్ గురించి ఎక్కువ చెప్పను. నది మధ్యలో ఒంటరిగా నిలబడ్డ గంటల గోపురం ఫోటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఎత్తు 74.5 మీటర్లు, 1800లో పూర్తయింది. ఉగ్లిచ్ ఆనకట్ట కోసం 1939-40లో పాత ఊరిలో చాలా భాగాన్ని ముంచేటప్పుడు గోపురం పక్కనున్న చర్చిని విప్పేశారు. గోపురం మాత్రం ఉండిపోయింది. నికీతిన్ ఆగిన మఠం కూడా ఆ నీళ్ళ కిందికే పోయింది. దాని గోడల మీది చిత్రాలు కొన్నింటిని ముందే ఊడదీసి భద్రపరిచారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే చూడటానికి వెళ్ళినవాళ్ళకి ఇక్కడ నిలబడితే ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డు నుంచి గోపురం బాగా కనిపిస్తుంది కాబట్టి బోటు ఎక్కకపోయినా నష్టం లేదు. గంట సేపు చాలు. బస పెట్టుకోవాల్సిన ఊరు కాదు.

ఉగ్లిచ్ సంగతి వేరు. జనాభా 30,000 దాకా ఉన్న ఊరు, రైల్వే స్టేషన్ ఉంది, హోటళ్ళు ఉన్నాయి. నది ఒడ్డున క్రెమ్లిన్, అంటే పాత కోట ఉందంటారు కానీ ఇప్పుడు గోడలేమీ లేవు. ఒక పార్కు, అందులో చర్చిలు, రాజభవనం అంతే. ఆ ఇటుక భవనాన్ని 1480లలో మాస్కో పాలకుడు మూడో ఇవాన్ తమ్ముడు, ఉగ్లిచ్ పాలకుడు అయిన పెద్ద అంద్రేయ్ కట్టించాడు. మాస్కో రాజ్యం పెరుగుతున్న కాలం, తమ్ముళ్ళ చేతుల్లో ఊళ్ళు ఉండటం అన్నకు నచ్చలేదు. 1491లో పిలిపించి జైల్లో పెట్టాడు, అంద్రేయ్ అక్కడే పోయాడు. ఉగ్లిచ్ మీద మాస్కో చేయి పడటం అదే మొదలు అనుకోవచ్చు.

రెండోసారి ఇంకా ఘోరంగా పడింది. 1591 మే 15న, క్రూరుడని పేరుపడ్డ జార్ (రష్యా చక్రవర్తి) నాలుగో ఇవాన్ చిన్న కొడుకు ద్మీత్రీ, ఎనిమిదేళ్ళ పిల్లవాడు, ఈ భవనం పెరట్లో గొంతు తెగి చనిపోయాడు. గంట మోగింది, జనం పోగయ్యారు. రాజకుటుంబం మీద నిఘాకూ ఖర్చుల లెక్కలకూ మాస్కో పంపిన అధికారి బిత్యగోవ్‌స్కీనీ, ఆయన మనుషుల్నీ కొట్టి చంపేశారు. మాస్కో నుంచి వాసిలీ షూయ్‌స్కీ నాయకత్వంలో విచారణ సంఘం వచ్చింది. మూర్ఛ వచ్చి పిల్లవాడే తన చేతిలో కత్తి మీద పడ్డాడని తేల్చింది. ఊళ్ళో చాలామందికి మరణశిక్ష, ఇంకా చాలామందికి సైబీరియా ప్రవాసం. తర్వాత తనే జార్ అయ్యాక అదే షూయ్‌స్కీ, పిల్లవాడిది హత్యేనని ప్రకటించి, 1606లో అతణ్ణి పవిత్రుడిగా గుర్తింపజేశాడు. ఏది నిజమో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. విచారణ నివేదికలు ఎవరి అవసరాన్ని బట్టి ఎలా మారతాయో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు బాగా తెలుసు. కానీ ఆ నివేదిక మీద ఒక ఊరు ఊరంతా ఖాళీ అవ్వడం తలచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

ఆ రోజు మోగిన గంటను కూడా శిక్షించారు. గోపురం మీది నుంచి పడేసి, నాలుక పీకి, చెవి తెంపి సైబీరియాలోని తొబొల్‌స్క్‌కు పంపారు. ఉగ్లిచ్ జనం అడగ్గా అడగ్గా 1892లో తిరిగొచ్చింది. అసలు గంట అక్కడి అగ్నిప్రమాదంలో కరిగిపోయిందనీ, ఇది తర్వాత పోతపోసిందనీ అనేవాళ్ళూ ఉన్నారు. 1692లో కట్టిన, ఎర్ర గోడలూ నీలం గుమ్మటాలూ ఉన్న ద్మీత్రీ చర్చిలో దాన్ని ఉంచారు. పెద్దదేమీ కాదు, మూడు క్వింటాళ్ళ పైచిలుకు బరువు. తగిలించే కొక్కెం పక్కన తెగిన చోటు కనిపిస్తుంది. మా ఆవిడ దాని దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. లోపల టికెట్లు విడివిడిగా ఉంటాయి, చర్చికి ఒకటి, రాజభవనానికి ఒకటి. రెండూ తీసుకోండి. టైం తక్కువైతే చర్చి ఒక్కటీ చూడండి.

ఉగ్లిచ్‌లో నాకు బాగా నచ్చిన ఇంకో చోటు జలవిద్యుత్తు మ్యూజియం. ఆనకట్ట దగ్గరే ఉంది, టూరిస్టులు పెద్దగా వెళ్ళరు. ఈ ఆనకట్ట నుంచి మొదటి కరెంటు 1940 డిసెంబరులో వచ్చింది. 1941-42 చలికాలంలో జర్మన్ సైన్యం గుమ్మం దాకా వచ్చినప్పుడు మాస్కోను ఆదుకున్న కరెంటులో ఇదీ ఉంది. కట్టినవాళ్ళలో ఎక్కువమంది వోల్గా నిర్మాణానికి తరలించిన నిర్బంధ శ్రమ శిబిరాల ఖైదీలు. ఒక పక్క ఆ కరెంటు, ఇంకో పక్క ఆ మనుషులు, మునిగిన ఊళ్ళు. పెద్దవాళ్ళు కాస్త ఓపికగా చూడాల్సిన చోటు.

ఉగ్లిచ్ బస విషయంలో మాకు ఇబ్బంది ఎదురైంది. రష్యన్ సైట్‌లో అమ్మాయి బుక్ చేసిన ఒక గెస్ట్‌హౌస్‌వాళ్ళు మా పాస్‌పోర్టులు చూడగానే విదేశీయుల్ని తీసుకోమన్నారు. రష్యాలో విదేశీయులు ఎక్కడ దిగినా ఆ వసతి ఇచ్చినవాళ్ళు మనల్ని అధికారుల దగ్గర నమోదు చేయాలి. ఆ పని పెట్టుకోవడం చిన్న గెస్ట్‌హౌస్‌లకు ఇష్టం ఉండదు. ముందే చెప్పి ఉంటే బాగుండేది. సాయంత్రం సామాన్లతో రోడ్డు మీద టెన్షన్ పడ్డాం. చివరికి సెంటర్‌కు దగ్గర్లో ఒక హోటల్‌లో గది దొరికింది. రేటు ఎక్కువే, కానీ నమోదు కాగితం మర్నాడు పొద్దున్నకల్లా చేతిలో పెట్టారు. మీరు మాత్రం బుక్ చేసే ముందే ఫోన్ చేసి, 'భారతదేశం పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ చేస్తారా' అని అడిగి తేల్చుకోండి. ఇచ్చిన కాగితాలన్నీ దేశం దాటే దాకా దాచుకోండి.

ఉగ్లిచ్ నుంచి మిష్కిన్ 40 కిలోమీటర్ల లోపే. కుడి ఒడ్డు రోడ్డు మీద వస్తే చివర నది దాటాలి. వంతెన లేదు, పంటు మీద దాటిస్తారు. కార్లు, లారీలు, వాటి మధ్య సందుల్లో నడిచి ఎక్కేవాళ్ళు. మా పక్కన ఒక పెద్దావిడ బకెట్ నిండా అడవి పండ్లు పెట్టుకుని నిలబడింది. ఎదుటి ఒడ్డు ఎత్తుగా ఉంటుంది. దాని మీద చెట్ల మధ్య రెండు పెద్ద చర్చిలు, ఎడాపెడా చెక్క ఇళ్ళు. పంటు కదిలాక కొద్ది నిమిషాల్లో ఊరంతా ఒక్క చూపులో వచ్చేస్తుంది. అంత చిన్నది, జనాభా 5,500 చుట్టుపక్కల. రాత్రి ఆఖరి పంటు ఎప్పుడో ముందే కనుక్కోండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంత చిన్న ఊరు పట్టణం ఎలా అయింది?

1775లో కాథరీన్ రాణి దేశాన్ని గుబెర్నియాలు అనే పెద్ద ప్రాంతాలుగా, వాటిని ఉయెజ్ద్‌లుగా విభజించే చట్టం తెచ్చింది. ఉయెజ్ద్ అంటే మన పాత తాలూకా వరసలో చూడొచ్చు. లెక్క జనాన్ని బట్టి వేశారు. గుబెర్నియాకు 3 నుంచి 4 లక్షల మంది మగవాళ్ళు, ఉయెజ్ద్‌కు 20 నుంచి 30 వేలు. ప్రతి ఉయెజ్ద్‌కూ కోర్టు, ఖజానా, అధికారులు ఉండే ఒక పట్టణం కావాలి. పట్టణమే లేని చోట? గ్రామాన్నే పట్టణం చేశారు. 1777లో యారొస్లావ్ల్ ప్రాంతంలో అలా పైకి వచ్చినవాటిలో మిష్కిన్, మొలోగా, రీబిన్‌స్క్ ఉన్నాయి. మూడూ ఇరుగుపొరుగు ఊళ్ళు. నిన్నటిదాకా రైతులుగా ఉన్నవాళ్ళు వర్తకులుగా, పట్నవాసులుగా రికార్డుల్లోకి ఎక్కారు. మరుసటి ఏడు రాజముద్రలు కూడా ఇచ్చారు. మిష్కిన్ ముద్రలో పైన యారొస్లావ్ల్ ఎలుగుబంటి, కింద ఎలుక. నది ఒడ్డున నిద్రపోతున్న మ్స్తిస్లావ్‌స్కీ వంశపు రాకుమారుడి మొహం మీదుగా ఎలుక పరుగెత్తి లేపిందనీ, కళ్ళు తెరిచి చూస్తే పాము వస్తోందనీ, ప్రాణం దక్కినందుకు అక్కడ గుడి కట్టించాడనీ స్థలపురాణం.

1785లో పట్టణాలకు ఇచ్చిన అధికారపత్రంతో ఊరికి సొంత దూమా, అంటే కౌన్సిల్ వచ్చింది. 1864లో జెమ్‌స్త్వోలు, అంటే జిల్లా స్థాయిలో ఎన్నికైన స్థానిక సంస్థలు వచ్చాయి. బళ్ళు, ఆసుపత్రులు, రోడ్లు వాటి పని. నాకు ఈ ఊరి మీద గౌరవం కలిగింది ఇక్కడే. నెపోలియన్‌ను తిప్పికొట్టిన సేనాపతి కుటూజోవ్ మునిమనవడు ఫ్యోదర్ ఒపోచినిన్ ఇక్కడి జెమ్‌స్త్వోలో పనిచేశాడు. 1870లలో ఆయన పూనికతో ఈ ఊరికి పబ్లిక్ లైబ్రరీ వచ్చింది. అది నేటికీ నడుస్తోంది, ఆయన పేరే ఉంది. టూర్ గైడ్లు అక్కడికి తీసుకెళ్ళరు. మేం వెళితే లైబ్రేరియన్ మమ్మల్ని కూర్చోబెట్టి, మా అమ్మాయి చేత అనువాదం చేయిస్తూ ఓపిగ్గా ఊరి సంగతులు చెప్పారు. గ్రంథాలయ సెస్సు వసూలు చేసి కూడా లైబ్రరీలకు తాళాలు పడటం కళ్ళారా చూసినవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

సోవియట్ కాలంలో గుబెర్నియాలు, ఉయెజ్ద్‌లు పోయాయి. 1929 నుంచి కొన్నేళ్ళు ఈ ఊళ్ళు దూరాన ఉన్న ఇవానొవో ప్రాంతం కింద ఉన్నాయి, 1936లో యారొస్లావ్ల్ ప్రాంతం ఏర్పడ్డాక దానికి వచ్చాయి. మిష్కిన్ పట్టణ హోదా కూడా ఊడింది. పేరు చివర కూడా మారి మిష్కినో అయింది. హోదా పోతే ఏమవుతుందో బయటివాళ్ళకు అర్థం కాదు. నిధులు తగ్గుతాయి, ఆఫీసులు పక్క ఊరికి పోతాయి, చదువుకున్న పిల్లలు వాటి వెంట పోతారు. ఈ ఊళ్ళో జరిగింది మాత్రం ఇంకోటి. 1966లో స్థానిక చరిత్ర మీద ఇష్టం ఉన్న కొందరు సొంతంగా ఒక ప్రజా మ్యూజియం మొదలుపెట్టారు. సర్కారు మ్యూజియం కాదు, ఊరివాళ్ళది. చుట్టుపక్కల పల్లెల్లో కూలిపోతున్న చెక్క కట్టడాలు, మగ్గాలు, పడవలు, పనిముట్లు పోగుచేశారు. పట్టణ హోదా కోసం పట్టుబట్టారు. 1991లో హోదా తిరిగొచ్చింది, పేరు మళ్ళీ మిష్కిన్ అయింది. ఎలుకల మ్యూజియం కూడా ఆ రోజుల్లో వాళ్ళు మొదలుపెట్టిందే. అందుకే దాన్ని పిల్లల వ్యవహారం అని కొట్టిపారేయొద్దు. దేశదేశాల నుంచి వచ్చిన ఎలుక బొమ్మలు అవి. చెక్క, మట్టి, గుడ్డ, గాజు, అన్నిటితో చేసినవి. వాటిని చూడటానికి వచ్చిన జనం డబ్బుతోనే ఈ ఊరు నిలబడింది.

మ్యూజియాలు ఇంకా ఉన్నాయి. మంచులో వేసుకునే, ఉన్నిని ఒత్తి చేసిన బూట్లు, వాలెంకీలకు ఒకటి. చిన్నదే కానీ బాగుంది, గొర్రె ఉన్ని బూటుగా ఎలా మారుతుందో వరసగా చూపిస్తారు. వోడ్కా వ్యాపారి ప్యోతర్ స్మిర్నోవ్ ఈ ఉయెజ్ద్‌లోని కయూరొవో పల్లెలో 1831లో బానిస రైతు కుటుంబంలో పుట్టాడు, ఆయన పేరున ఒకటి. ఇది నాకు అంత ఆనలేదు. ఆరుబయట పాత లారీలు, ట్రాక్టర్లు ఉంచిన చోటు మాత్రం మగవాళ్ళకు తప్పకుండా నచ్చుతుంది. ఒకే టికెట్ మీద అన్నీ చూడొచ్చనుకోకండి, ఎక్కడికక్కడ కొనాలి. మధ్యాహ్నం ఓడల జనంతో క్యూలు ఉంటాయి. రాత్రి ఊళ్ళో ఉన్నవాళ్ళకు పొద్దున తెరవగానే ఖాళీగా దొరుకుతాయి. బస ఇక్కడ పెట్టుకోమన్నది ఇందుకే.

మేం దిగింది ఒక చెక్క ఇంట్లో. ఇంటావిడ పెద్ద వయసు మనిషి, మేడ మీది గదులు అద్దెకిస్తుంది. నమోదు పని ముందే ఒప్పుకుంది, స్వయంగా ఆఫీసుకు వెళ్ళి చేసుకొచ్చింది. కిటికీల చుట్టూ చెక్కుడు పని, కిటికీ గూట్లో జెరానియం కుండీలు. బాత్రూం ఇద్దరికీ ముగ్గురికీ కలిపి ఒకటే, వేడినీళ్ళు కొద్దిసేపే వస్తాయి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. దోమల మందు మాత్రం తీసుకెళ్ళాలి, ఎండాకాలంలో వోల్గా ఒడ్డున దోమలు మన గోదావరి దోమలకేమీ తీసిపోవు. ఉగ్లిచ్ హోటల్‌కు పెట్టిన డబ్బులో సగానికే ఇక్కడ రెట్టింపు మర్యాద దొరికింది.

తిండి విషయం. మా ఆవిడ శాకాహారి. ఊళ్ళో కాంటీన్ లాంటి స్తొలోవాయాల్లో క్యాబేజీ, బంగాళాదుంప కూరిన పిరష్కీలు అనే బన్నులు, గ్రెచ్కా అనే బక్‌వీట్ గింజల అన్నం, మెత్తటి పనీర్ లాంటి త్వొరోగ్, మీగడ వేసిన బ్లీనీలు అనే పల్చటి అట్లు దొరుకుతాయి. సూప్ మాత్రం అడక్కుండా తాగొద్దు. క్యాబేజీ సూప్ అన్నా మాంసం నీళ్ళతోనే కాస్తారు. చీజ్ బాగుంటుంది. ఉగ్లిచ్‌లో వెన్న, చీజ్‌ల మీద పరిశోధన చేసే సంస్థే ఉంది. ఇంటావిడ వంటగది వాడుకోనిచ్చింది కాబట్టి మేం తెచ్చుకున్న బియ్యం, ఆవకాయ ఆదుకున్నాయి.

మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. డబ్బు నోట్ల రూపంలో తీసుకెళ్ళి మాస్కోలోనో త్వేర్‌లోనో రూబుళ్ళుగా మార్చుకోండి, మిష్కిన్‌లో మార్చుకుందాం అనుకోవద్దు. ఫోన్‌లో రష్యన్ అనువాదం ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే దించుకోండి.

ఊరి ఆఫీసు ముందు నోటీసు బోర్డు చదివించుకోకుండా నేను ఊరుకోలేదు. చెత్త తరలింపు, నీటి చార్జీలు, భూమి వేలాలు. మన బోర్డుల మీద ఉండేవే. 2003 నాటి చట్టంతో రష్యాలో ఊరికి ఒక కౌన్సిల్, రయోన్‌కు అంటే జిల్లాకు ఒక కౌన్సిల్ అని రెండంచెల ఏర్పాటు వచ్చింది. 2025లో కొత్త చట్టం వచ్చి ఒకే అంచె వైపు నడిపిస్తోంది. ఖర్చు తగ్గుతుందన్నది నిజమే కావచ్చు. కానీ మిష్కిన్ లాంటి ఊరికి తన వీధి తనే చూసుకునే హక్కు ఎంత కష్టం మీద వచ్చిందో తెలిశాక, ఆ హక్కు ఇంకో కాగితంతో పలచబడుతుందంటే నాకు బాధగానే ఉంది.

మిష్కిన్ తర్వాత వీలైతే రీబిన్‌స్క్ వెళ్ళండి, నది వెంట ఇంకా దిగువన ఉంటుంది. అక్కడ మొలోగా మ్యూజియం ఉంది, 1995లో తెరిచారు. మిష్కిన్‌తో పాటే పట్టణమైన మొలోగాను రీబిన్‌స్క్ జలాశయం ముంచేసింది. 1941 ఏప్రిల్‌లో జలాశయం నింపడం మొదలుపెట్టారు. జలాశయం కింద ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు దాదాపు 1,30,000 మంది. చెక్క ఇళ్ళను విప్పి, దుంగలకు నంబర్లు వేసి, తెప్పలుగా కట్టి నదిలో దింపుకుపోయారు. నీటిమట్టం బాగా తగ్గిన ఏళ్ళలో వీధుల ఆనవాళ్ళు బయటపడతాయి, అప్పుడు ఆ ఊరి సంతతి పడవల్లో వెళ్ళి చూసొస్తారు. మ్యూజియం చిన్నది, ఇంగ్లీషు బోర్డులు ఆశించొద్దు, భాష తెలిసినవాళ్ళు తోడు ఉంటే మంచిది. ముందు మిష్కిన్ చూసి తర్వాతే దీనికి రండి. అప్పుడే ఆ గోడల మీద ఉన్న పాత ఫోటోల్లోని వీధులు, చర్చిలు, రేవు మీకు కొత్తగా అనిపించవు. మేం ఆ వరసలోనే వెళ్ళాం, మధ్యాహ్నం ఒక పూట దానికే సరిపోయింది.